తోటలో సీతాకోకచిలుకల్ని గుర్తుపట్టడం ఎలా? రంగు సంగతి చివర్లో

సీతాకోకచిలుక కనపడగానే ఎవరి కళ్లయినా ముందు పోయేది రంగు మీదికే. పేరు తేల్చాలంటే మాత్రం రంగుని చివరికి అట్టిపెట్టుకోవాలి. ఒకే రంగులో మూడు నాలుగు జాతులు తిరుగుతుంటాయి. ఒకే జాతిలో ఆడది ఒక రంగు, మగది ఒక రంగు ఉంటాయి. వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా కనిపించేవీ ఉన్నాయి. "నల్లగా ఉంది, ఎర్ర మచ్చలున్నాయి" అని పుస్తకం తిరగేస్తే పది బొమ్మలు దొరుకుతాయి, పదీ నిజమే అనిపిస్తాయి.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు ఎగిరే తీరు, తర్వాత వాలే తీరు, తర్వాత రెక్క అడుగు వైపు, ఆ పైన అది ఏ మొక్క చుట్టూ తిరుగుతోందో. రంగు, మచ్చలు అన్నిటికన్నా ఆఖరున. ప్రపంచంలో సీతాకోకచిలుకలు దాదాపు 18 వేల జాతులున్నా, ఒక ఇంటి తోటకి తరచూ వచ్చేవి కొన్ని పదులే. ఇక్కడ ఉదాహరణలుగా తీసుకున్నవన్నీ దక్షిణాసియా తోటల్లో మామూలుగా కనిపించేవి. పేర్లు పుస్తకాల్లో, యాప్‌లలో ఎలా ఉంటాయో అలాగే ఇంగ్లీషు పేర్లతోనే చెబుతున్నాను, వెతుక్కోవడానికి తేలిక.

ఎప్పుడు చూడాలి, ఎక్కడ కూర్చోవాలి

సీతాకోకచిలుకకి సొంత ఒంటి వేడి ఉండదు. ఎగరడానికి వాడే కండరాలు దాదాపు 30 డిగ్రీల వేడెక్కితేనే సరిగ్గా పనిచేస్తాయి. అందుకే పొద్దున తోటలో ఎండ పడగానే చాలా జాతులు ఆకుల మీద రెక్కలు బార్లా చాపి ఎండ కాగుతాయి. రెక్కల పై వైపు తీరిగ్గా చూడాలంటే ఇంతకు మించిన వేళ లేదు, ఎందుకంటే అవి ఇంకా చురుగ్గా ఎగిరే స్థితిలో ఉండవు. ఇంకో గంటా రెండు గంటలు గడిస్తే పూల దగ్గర సందడి మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మరీ మండిపోతుంటే చాలావరకు నీడలోకి జారుకుంటాయి. మబ్బు పట్టిన రోజు వెతికి లాభం లేదు. వాన వెలిసి ఎండ కాసిందంటే మాత్రం వదులుకోకండి.

ఒక్కటి మాత్రం సాయంత్రం కోసం అట్టిపెట్టుకోవాలి. చీకటి పడే వేళకి నేలకి దగ్గరగా, ఎండుటాకు గాలికి లేచినట్టు లేచి మళ్లీ ఆకుల్లోనే పడిపోయేది కామన్ ఈవెనింగ్ బ్రౌన్. అడుగు పెట్టేదాకా అక్కడ ఉందని తెలియదు.

సీతాకోకచిలుక వెంట పరిగెత్తకండి. పూలున్న చోట, కాస్త ఎండ తగిలేలా, ఒక పావుగంట కదలకుండా కూర్చోండి. అదే మీ దగ్గరికి వస్తుంది. లాంటానా, నూరువరహాలు, జీనియా, బంతి మీద పెద్దవి వాలతాయి. దారి పక్కన ఎవరూ పట్టించుకోని గడ్డి చామంతిని తక్కువ అంచనా వేయొద్దు, నీలాలు (ఇంగ్లీషులో బ్లూస్) అనే బుల్లి సీతాకోకచిలుకలన్నీ దాని మీదే ఉంటాయి. లాంటానా గురించి ఒక మాట: ఉంటే ఉండనివ్వండి కానీ సీతాకోకచిలుకల కోసమని కొత్తగా నాటకండి. అది పాకిందంటే చుట్టుపక్కల ఇంకేదీ బతకనివ్వదు.

పూలకే రాని జాతులూ ఉన్నాయి. కామన్ బారన్, ఈవెనింగ్ బ్రౌన్ లాంటివి రాలి కుళ్లిన పళ్ల రసం తాగుతాయి, చెట్టు బెరడు నుంచి కారే రసం తాగుతాయి. బాగా మగ్గిపోయిన అరటిపండు ఒకటి నీడలో పెట్టి చూడండి. తడి మట్టి కూడా మంచి చోటే. అక్కడ గుంపుగా చేరి మట్టిలోకి తొండం దించేవి చాలావరకు మగవి. వాటికి కావలసింది నీళ్లకన్నా నీళ్లలో కరిగిన ఉప్పు. నీళ్ల పళ్లెంలో రెండు గుప్పిళ్ల మట్టి వేసి తడిగా ఉంచితే చాలు, వేరే హంగామా అక్కర్లేదు.

సామాను పెద్దగా ఏమీ వద్దు. ఫోను, చిన్న నోటు పుస్తకం. బైనాక్యులర్స్ కొనేటప్పుడు మాత్రం రెండు మీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూపిస్తుందో లేదో చూసుకోండి. దూరం పిట్టల కోసం చేసినవి దగ్గరి పువ్వు మీద పనికిరావు. వల వద్దు. పట్టుకుంటే రెక్కల మీది పొలుసులు చేతికి అంటుకుపోతాయి, అవి మళ్లీ మొలవవు.

సీతాకోకచిలుకా, మాత్ అనే పురుగా?

ఈ అనుమానం మీసాలతో తీరిపోతుంది. సీతాకోకచిలుక మీసం సన్నగా వెళ్లి కొసన చిన్న గుండులా లావవుతుంది. రాత్రుళ్లు దీపం చుట్టూ తిరిగే మాత్‌ మీసం దారంలా ఉంటుంది, లేదా ఈకలా చీలి ఉంటుంది. పగలు తిరిగేది సీతాకోకచిలుక, రాత్రి తిరిగేది మాత్ అనే లెక్క నమ్మకండి. పట్టపగలు పూల మీద తిరిగే రంగురంగుల మాత్‌లు చాలా ఉన్నాయి.

ఏ కుటుంబమో ముందు తేల్చండి

పేరు కోసం తొందరపడకుండా ముందు కుటుంబం తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. తోటలో మీకు ఎదురయ్యేవి ఐదు కుటుంబాలు.

పెద్దగా ఉండి, పువ్వు మీద తేనె తాగుతూ కూడా రెక్కలు టపటపా కొట్టుకుంటూనే ఉంటే అది స్వాలోటెయిల్ కుటుంబం. చాలావాటికి వెనుక రెక్కకి తోక ఉంటుంది, అన్నిటికీ కాదు. నిమ్మ చెట్టు చుట్టూ తిరిగే లైమ్ బటర్‌ఫ్లైకి తోక ఉండదు. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనుక రెక్క లోపలి మూల దగ్గర ఇటుక రంగు చుక్క చూస్తే తెలిసిపోతుంది. నలుపు మీద ఆకుపచ్చ చుక్కలతో, ఒక క్షణం కూడా నిలకడ లేకుండా చెట్టు కొమ్మల మధ్య దూసుకుపోయేది టెయిల్డ్ జే.

తెలుపూ పసుపూ కుటుంబం ఇంకొకటి. ఇవి వాలితే రెక్కలు ముడుచుకునే ఉంటాయి, కాబట్టి అడుగు వైపు తప్ప మీకు ఏమీ కనపడదు. తల ఎత్తు దాటి ఎక్కడికో పని ఉన్నట్టు వేగంగా పోయే లేత పసుపుపచ్చది ఎమిగ్రెంట్. అడుగు వైపు సన్నటి గోధుమ గీతలు నలుసుల్లా నిండి ఉంటే మాటల్డ్ ఎమిగ్రెంట్. అలాంటి గీతలు లేకుండా నున్నగా ఉంటే కామన్ ఎమిగ్రెంట్. గడ్డికి జానెడు ఎత్తులో తిరిగే చిన్న పసుపుది గ్రాస్ యెల్లో. నీడలో నేల మీద తూలుతూ, ఇక పడిపోతుందేమో అనిపించేలా ఎగిరే బుల్లి తెల్లది సైకీ, దాని ముందు రెక్క మీద ఒక నల్ల మచ్చ ఉంటుంది. ఈ కుటుంబంలో నాకు నచ్చేది కామన్ జెజెబెల్. చెట్టు పైన ఎగురుతుంటే తెల్లటి రెక్క మీద నల్ల గీతలే కనిపిస్తాయి, ఏముందిలే అనుకుంటాం. పువ్వు మీద వాలి రెక్కలు ముడిచిందంటే అడుగున పసుపు, అంచున ఎర్రటి మచ్చల వరస.

మూడోది అన్నిటికన్నా పెద్ద కుటుంబం, నింఫాలిడ్‌లు. వీటిని పట్టించేది కాళ్లు. ఆరు కాళ్లూ ఉంటాయి కానీ ముందు జత పొట్టిగా అయిపోయి రొమ్ముకి ఆనుకుని ఉంటుంది. నడిచేది నాలుగు కాళ్ల మీదే. పువ్వు మీద పక్కనుంచి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. నాలుగు కాళ్లే కనిపిస్తే ఈ కుటుంబం, ఆరూ ఆనితే ఇంకేదో. టైగర్లు, క్రోలు, పాన్సీలు, ఎగ్‌ఫ్లైలు, బ్రౌన్‌లు అన్నీ ఇందులోవే. నేల మీదో, పొట్టి మొక్క మీదో రెక్కలు చాపి కూర్చుని, అటుగా వచ్చిన ప్రతిదాన్నీ తరిమి మళ్లీ అదే చోటుకి వచ్చి వాలేది పాన్సీ. రెక్కల మీద కళ్లలాంటి గుండ్రటి మచ్చలు ఉంటాయి.

నాలుగోది నీలాల కుటుంబం. గోటి అంత ఉంటాయి. ఎగిరేటప్పుడు నీలంగా మెరిసి, వాలగానే బూడిద రంగు గీతలుగా మారిపోతాయి, ఎందుకంటే నీలం పై వైపు ఉంటుంది, ముడిచాక కనిపించేది అడుగు వైపు. వీటిని మోకాళ్ల మీద కూర్చుని కాసేపు చూడాలి. వాలాక వెనుక రెక్కల్ని ఒకదాని మీద ఒకటి మెల్లగా పైకీ కిందికీ రుద్దుతుంది. అక్కడున్న వెంట్రుకంత తోకలు మీసాల్లా కదులుతాయి, పక్కనే ఉన్న నల్ల చుక్క కన్నులా కనిపిస్తుంది. తల అటుందనుకుని బల్లి, సాలీడు ఆ వైపే దూకుతాయి. వెనుక రెక్క మూల తెగిపోయి కూడా హాయిగా తిరిగే నీలాలు అందుకే అన్ని కనిపిస్తాయి.

ఐదోది స్కిప్పర్లు. లావాటి ఒళ్లు, పెద్ద కళ్లు, మీసం కొస కొక్కెంలా వంగి ఉంటుంది. కంటికి అందనంత వేగంగా గెంతుతాయి. కొన్ని వాలినప్పుడు వెనుక రెక్కలు పరిచి, ముందు రెక్కల్ని సగం ఎత్తి పెడతాయి. అలా ఇంకే కుటుంబమూ కూర్చోదు.

వేషం వేసుకొచ్చేవి

రంగుని నమ్మొద్దు అన్నది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

కరివేపాకు చెట్టు ఉన్న చోట కామన్ మార్మన్ తప్పకుండా ఉంటుంది. మగది నల్లగా, వెనుక రెక్క మీద తెల్ల మచ్చల వరసతో ఉంటుంది, ఇబ్బంది లేదు. ఆడది మూడు రూపాల్లో వస్తుంది. ఒకటి మగదానిలాగే ఉంటుంది. రెండోది వెనుక రెక్క మధ్యలో తెల్ల మచ్చ, అంచున ఎర్ర మచ్చలతో అచ్చం కామన్ రోజ్‌లా ఉంటుంది. మూడోది ముందు రెక్కల మీద తెల్ల పట్టీలు, వెనుక రెక్కల మీద ఎర్ర చుక్కలతో క్రిమ్సన్ రోజ్‌లా ఉంటుంది. ఆ రోజ్‌లు రెండూ గొంగళి దశలో ఈశ్వరి తీగని తిని, ఆ విషాన్ని ఒంట్లోనే ఉంచుకుంటాయి. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్లీ వాటి జోలికి పోదు. విషమేమీ లేని మార్మన్ ఆడది ఆ రంగులతో బతికిపోతుంది.

పిట్ట మోసపోవచ్చు కానీ మీరు మోసపోనక్కర్లేదు. రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. రోజ్‌ల తల, పొట్ట ఎర్రగా ఉంటాయి. మార్మన్ ఒళ్లు నల్లగానే ఉంటుంది. రెక్కలన్నీ మార్చుకున్నా ఒంటి రంగు మార్చుకోవడం దానికి చేతకాలేదు. ఎగిరే తీరు కూడా గమనించండి. రోజ్‌లకి ఎవరి భయమూ లేదు, తాపీగా సాగిపోతాయి. బెదరగొడితే మార్మన్ వంకరటింకరగా దూసుకుపోతుంది.

రెండో చిక్కు నారింజ రంగుది. జిల్లేడు దగ్గర నిదానంగా తిరిగే నారింజ రెక్కలు, నల్లటి కొస, అందులో తెల్ల పట్టీ ఉన్నది ప్లెయిన్ టైగర్. డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది కూడా అలాగే ఉంటుంది. ఇక్కడ వెనుక రెక్క ఒక్కటే చూడండి. మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటే ప్లెయిన్ టైగర్, పై అంచు దగ్గర ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. నరాలన్నీ లావుపాటి నల్ల గీతలుగా కనిపిస్తే ఈ రెండూ కాదు, అది కామన్ టైగర్ (దీన్నే స్ట్రైప్డ్ టైగర్ అని కూడా అంటారు). ఇక డానైడ్ ఎగ్‌ఫ్లై మగదాన్ని చూస్తే ఆ ఆడదానికి జోడీ అంటే ఎవరూ నమ్మరు. నల్లటి రెక్కల మీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా మెరుపు.

కాలం మార్చే వేషం ఇంకొకటి. ఈవెనింగ్ బ్రౌన్ వానాకాలంలో అడుగు వైపు కళ్ల మచ్చల వరసతో ఉంటుంది. ఎండాకాలంలో ఆ కళ్లు మాయమై మొత్తం ఎండుటాకు అయిపోతుంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని రెండు జాతులనుకుంటే తప్పు మీది కాదు.

మొక్కని పట్టుకుంటే పేరు దొరుకుతుంది

పెద్ద సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలుతుంది, కాబట్టి పువ్వుని బట్టి పేరు చెప్పలేం. గుడ్డు పెట్టే ఆకు విషయంలో మాత్రం చాలా పట్టింపు. పుట్టిన గొంగళి తనకి సరిపడే కొన్ని ఆకులు తప్ప ఇంకోటి తినదు. కాబట్టి పువ్వు మీద కాకుండా ఆకుల చుట్టూ తచ్చాడే దాన్ని గమనించండి. ఒక ఆకు మీద వాలి, ముందు కాళ్లతో తడిమి, కాదనుకుని ఇంకో ఆకుకి పోయి, మళ్లీ తడిమి, పొట్ట కొసని వంచి ఆకుకి ఆనించిందంటే అది గుడ్డు పెడుతున్న ఆడది. కాళ్లతోనే ఆకు రుచి చూస్తుంది. అది వెళ్లాక ఆ చోటే చూస్తే గుండుసూది తలంత గుడ్డు కనిపిస్తుంది.

కరివేపాకు, నిమ్మ, నారింజ అయితే కామన్ మార్మన్ లేదా లైమ్ బటర్‌ఫ్లై. జిల్లేడు అయితే ప్లెయిన్ టైగర్. గన్నేరు, మర్రి అయితే కామన్ క్రో. రేల, తంగేడు అయితే ఎమిగ్రెంట్లు. సీతాఫలం, నరమామిడి అయితే టెయిల్డ్ జే. ఆముదం అయితే కామన్ కాస్టర్. మామిడి అయితే కామన్ బారన్. గంగపావిలి అయితే డానైడ్ ఎగ్‌ఫ్లై. పసుపు, అల్లం ఆకుల్ని మడిచి లోపల దాక్కున్నది ఉంటే గ్రాస్ డెమన్ అనే స్కిప్పర్. బదనిక పట్టిన చెట్టుంటే పైన జెజెబెల్ తిరుగుతుంటుంది.

గొంగళిని చూసి కూడా పేరు చెప్పొచ్చు. కరివేపాకు మీద తెల్లగా నల్లగా పిట్ట రెట్టలా పడి ఉన్నదాన్ని పుల్లతో మెల్లగా తాకండి. అది గొంగళే అయితే తల వెనకనుంచి ఎర్రటివో నారింజ రంగువో కొమ్ములు రెండు బయటికి పెట్టి, ఘాటైన వాసన కొడుతుంది. పెద్దదయ్యాక ఒళ్లంతా ఆకుపచ్చగా మారుతుంది, కొమ్ములు మాత్రం ఉంటాయి. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఉన్నదానికి ఒంటి మీద మెత్తటి నల్ల కొమ్ములు లెక్కపెట్టండి. మూడు జతలుంటే ప్లెయిన్ టైగర్. గన్నేరు మీది కామన్ క్రోకి నాలుగు జతలుంటాయి. దాని ప్యూపా (రెక్కలు రాకముందు గొంగళి మారే గూడు దశ) కూడా దొరికితే వదలకండి, ఆకు కింద వేలాడుతూ వెండిలా మెరుస్తుంది. మామిడాకు మీది కామన్ బారన్ గొంగళిని వెతకడం ఒక ఆటే. ఆకు నడి ఈనె మీద పడుకుని, పక్కలకి చాపిన ముళ్లతో ఆకులో కలిసిపోతుంది.

ప్రతి గొంగళీ సీతాకోకచిలుక కాదు. గన్నేరు మీదే వేలంత లావున్న ఆకుపచ్చ గొంగళి, తోక దగ్గర ఒకే ఒక్క కొమ్ముతో, తల వెనుక రెండు నీలి కళ్లతో కనిపిస్తే అది ఓలియాండర్ హాక్‌మాత్. తోక కొమ్ము హాక్‌మాత్‌ల గుర్తు. ఆముదం ఆకుల్ని జల్లెడ చేసే నామాల పురుగు కూడా మాత్ పిల్లే.

మందు కొట్టే తోటలో ఇవేవీ కనపడవు. సహజమైనదే కదా అని బీటీ మందు (బ్యాక్టీరియాతో చేసే పురుగుమందు) కొట్టినా అంతే. అది గొంగళి పురుగుల్ని చంపడానికే తయారైంది, ఏది తెగులు, ఏది ప్లెయిన్ టైగర్ అని చూడదు. కరివేపాకు చెట్టులో రెండు కొమ్మలు వాటికి వదిలేయండి. చెట్టుకేం కాదు.

ఫోటో తీసి పేరు తేల్చడం

నీడ దాని మీద పడకుండా, వంగి, మెల్లగా దగ్గరికి వెళ్లండి. దూరం నుంచే ఒక ఫోటో, రెండడుగులు వేసి ఇంకొకటి. ఎగిరిపోయినా మొదటిది మీ దగ్గర ఉంటుంది. నిలకడ లేనివాటికి వీడియో తీసి అందులోంచి ఒక బొమ్మ తీసుకోవడమే మేలు. రెక్క అడుగు వైపు తప్పనిసరి, పై వైపు దొరికితే అదృష్టం. ఒక ఫోటో పక్కనుంచి తీయండి, కాళ్లూ మీసాలూ ఒళ్లూ పడతాయి. వాలిన మొక్క ఆకుల్ని కూడా ఒక ఫోటో తీయండి. ఈ ఒక్క పని చాలామంది చేయరు.

పుస్తకంలో నాలుగు ముక్కలు చాలు: తేదీ, వేళ, మొక్క, ఏం చేస్తోంది. "ఆకు తడుముతోంది" అని రాసుకున్నది తర్వాత ఏ ఫోటో కన్నా ఎక్కువ సాయం చేస్తుంది.

ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెడితే పేరు సూచిస్తుంది, ఆ పైన తెలిసినవాళ్లు చూసి అవునో కాదో చెబుతారు. యాప్ వెంటనే చెప్పిన పేరుని అనుమానంగానే తీసుకోండి. అది కూడా ఎక్కువగా రంగూ ఆకారమే చూస్తుంది కాబట్టి, మార్మన్‌ని రోజ్ అని చెప్పే అవకాశం ఉంది. ఒంటి రంగు, వెనుక రెక్క చుక్కలు మీరే సరిచూసుకుని అప్పుడు ఒప్పుకోండి.

కొన్ని మాత్రం ఎంత మంచి ఫోటో తీసినా జాతి దాకా తేలవు. పసుపు గ్రాస్ యెల్లోల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా అడుగు వైపు ఉన్న చిన్న చిన్న గోధుమ గుర్తుల్లోనే ఉంటుంది. అవి కాలాన్ని బట్టి మారిపోతుంటాయి కూడా. గోధుమ రంగు స్విఫ్ట్ స్కిప్పర్లైతే ఏళ్ల తరబడి చూసినవాళ్లనే తిప్పలు పెడతాయి. అలాంటప్పుడు ఊహించి ఏదో ఒక పేరు రాయకుండా "గ్రాస్ యెల్లో, ఏదో తేలలేదు" అని రాసి, ఫోటో తేదీ పక్కన పెట్టి వదిలేయండి.